వాంకోమైసినా, ఫిడాక్సోమైసినా? నేను స్పోర్ల లెక్కే చూస్తాను

"నాన్నగారికి పది రోజులు వాంకోమైసిన్ వాడాం, విరేచనాలు కట్టాయి. రెండు వారాలకు మళ్ళీ మొదలయ్యాయి. మందు పనిచేయలేదా?" యాంటీబయాటిక్‌లు వాడినప్పుడు పేగులో చెలరేగి విరేచనాలు పట్టించే సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా గురించి ఎప్పుడు రాసినా ఇదే ప్రశ్న. దాని వెనకే రెండోది: దీనికే వాడే ఖరీదైన మందు ఫిడాక్సోమైసిన్‌కు అంత డబ్బు పోస్తే ఒరిగేదేమిటి?

మందు పనిచేసింది. పేగులో పెరుగుతూ విషం చిమ్మే కణాలను చంపింది. స్పోర్ల జోలికి, అంటే గట్టి పొర కట్టుకుని విత్తనాల్లా నిద్రపోయే రూపాల జోలికి మాత్రం పోలేదు. ఆ మాటకొస్తే అప్పటికే తయారై కూర్చున్న స్పోర్‌ను ఫిడాక్సోమైసిన్ కూడా చంపలేదు. తేడా అంతా కొత్త స్పోర్లు కట్టుకునే దగ్గరుంది.

వాంకోమైసిన్ కణం గోడ కట్టుకోనివ్వదు. పెరుగుతున్న కణానికి అది చావుదెబ్బే. పెరుగుదల ఆపేసి, సర్దుకునే పనిలో పడ్డ కణానికి కాదు. ఆ కణం తాపీగా స్పోర్ కట్టుకుని తప్పుకుంటుంది. ఫిడాక్సోమైసిన్ పట్టేది జన్యువులను చదివే ఎంజైమ్‌ని, ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ని. స్పోర్ కట్టడమంటే స్పో0ఏ అనే స్విచ్ మొదలు సిగ్మా కారకాలనే తర్వాతి స్విచ్‌ల దాకా జన్యువులను ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ పోవడం. చదివే చేతినే పట్టేస్తే పని ముందుకు సాగదు.

ల్యాబ్‌లో దీన్ని చూసే పద్ధతి నాకు భలే ఇష్టం. పెరుగుదల ఆగిన కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియాలో, మందు కలిపి కొన్ని రోజులు ఉంచుతారు. తర్వాత ఆల్కహాల్ పోస్తారు. మామూలు కణాలు చస్తాయి, స్పోర్లు చెక్కుచెదరవు. (చేతులకు రాసుకునే శానిటైజర్‌లోదీ ఆల్కహాలే. ఈ రోగి గదిలోంచి బయటికొస్తే సబ్బూ నీళ్ళే గతి.) మిగిలినదాన్ని టారోకోలేట్ అనే పిత్తలవణం కలిపిన ప్లేటు మీద పరుస్తారు. అది తగిలితే స్పోర్ నిద్రలేస్తుంది. రెండు రోజులాగి మూత తీస్తే గుర్రపుసాల కంపు! వాంకోమైసిన్ తగిలిన కల్చర్ నుంచి కాలనీలు (బ్యాక్టీరియా గుంపులు) దండిగా లేస్తాయి, ఫిడాక్సోమైసిన్ తగిలినదాంట్లోంచి బాగా తక్కువ.

ఇదంతా గాజుపాత్రలో సంగతి. రోగుల్లో? 2011లో వెలువడిన పెద్ద పరీక్షలో జబ్బు తగ్గించడంలో రెండూ ఇంచుమించు సమానం. తిరగబెట్టినవాళ్ళు మాత్రం వాంకోమైసిన్‌తో 25.3 శాతం, ఫిడాక్సోమైసిన్‌తో 15.4 శాతం. అయితే 027 అనే మొండి రకం సోకినవాళ్ళలో ఆ తేడా కనబడలేదు. పైగా ఘనతంతా స్పోర్లదే అనడానికీ లేదు. ఫిడాక్సోమైసిన్ బ్యాక్టిరాయిడ్స్ లాంటి మంచి బ్యాక్టీరియాను పెద్దగా కదపదు, వాంకోమైసిన్ ఊడ్చేస్తుంది. ఊడ్చిన పేగులో స్పోర్ మొలిస్తే అడ్డుకునేవాళ్ళుండరు. అయినా మొలిచే విత్తనమే తక్కువైతే సగం గొడవ తప్పినట్టే కదా! నా మొగ్గు అందుకే ఇటు.

అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం కూడా 2021లో ఫిడాక్సోమైసిన్‌నే ముందు పెట్టింది: 200 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, పది రోజులు. అక్కడ ఒక కోర్సుకు వేల డాలర్లు. వాంకోమైసిన్ 125 మి.గ్రా. నాలుగుసార్లు. ఇంజెక్షన్ పొడినే నీళ్ళలో కలిపి తాగిస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది. నరంలోకి ఎక్కిస్తే పెద్దపేగుకు చేరదు, నోటితోనే ఇవ్వాలి.

ఇంకో మందు మెట్రోనిడజోల్ సంగతంటారా, చవక. చాలావరకు పైపేగులోనే ఇంకిపోతుంది, స్పోర్లనూ ఆపదు. మిగతా రెండూ దొరకనప్పుడు, జబ్బు తీవ్రంగా లేనప్పుడు చూడొచ్చు.

వయసులో ఉన్నవాళ్ళు, మొదటిసారి, జబ్బుకు కారణమైన యాంటీబయాటిక్ ఆపేయగలిగితే వాంకోమైసిన్‌తో నాకు పేచీ లేదు. అరవై ఐదు దాటినవాళ్ళకు, వేరే యాంటీబయాటిక్ ఆపలేని వాళ్ళకు, ఒకసారి తిరగబెట్టినవాళ్ళకు మాత్రం డబ్బుకు వెసులుబాటుంటే ఫిడాక్సోమైసిన్ గురించి డాక్టరుగారిని గట్టిగా అడగమంటాను. వెసులుబాటు లేకపోతే వాంకోమైసిన్‌నే మెల్లగా తగ్గిస్తూ, చివర్లో రెండు మూడు రోజులకోసారి ఇచ్చే పద్ధతుంది. స్పోర్లు మొలకెత్తేదాకా ఆగి, మొలిచినవాటిని మొలిచినట్టు కొట్టడమన్నమాట.