జిరంగ్, తప్తపాణి, తారాతారిణి: అమ్మ పోయాక తిరిగిన నాలుగు రోజులు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, గజపతి జిల్లా. అమ్మ పోయి 14 నెలలైంది. ఆ రాత్రి వీపు లాగేస్తోందే, దవడ కూడా నొప్పిగా ఉంది అంది. నేను గ్యాస్ అనుకుని మాత్ర వేసి పడుకోమన్నాను. తెల్లారేసరికి అమ్మ లేదు. ఆడవాళ్లకు గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీ నొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండా కూడా, వీపులో, దవడలో నొప్పి, ఆయాసం, వికారం ఉండొచ్చని తర్వాత తెలిసింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలా అంటే మాత్ర వేసి ఊరుకోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఆ తర్వాత నేను చేయని పూజ లేదు. దేవుడి మీద కోపం లేదు, అన్నయ్య ఊళ్లో లేడన్న కోపమూ పోయింది. నన్ను మాత్రం నేను వదల్లేదు. రాత్రి రెండయినా నిద్ర ఉండేది కాదు. మా వదినే చూసి చూసి "ఏటమ్మా ఇలా అయిపోతన్నావు, పద, నాలుగు రోజులు ఎటైనా వెళ్లొద్దాం" అని కారు మాట్లాడింది. మహేంద్రగిరి ఎక్కాలని నాకు ఉండేది కానీ అది 1,501 మీటర్ల కొండ, వదినకు మోకాళ్ల నొప్పులు, అందుకే వదిలేశాం.

ముందు జిరంగ్. చంద్రగిరి దగ్గర, మన గజపతి జిల్లాలోనే (తిరుపతి దగ్గరి చంద్రగిరి కాదు). ఆర్.ఉదయగిరి మీదుగా దారంతా కొండలూ మొక్కజొన్న చేలూ, మలుపులు ఎక్కువ కాబట్టి కడుపులో తిప్పేవాళ్లు ముందే జాగ్రత్తపడాలి. 1959లో టిబెట్ వదిలి వచ్చిన కుటుంబాలకు 1963లో ఇక్కడ చోటిచ్చారు. వాళ్ల బౌద్ధ మఠం పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. బయట ఎంత ఎండ ఉన్నా లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆదివారాల్లో, సెలవుల్లో పిక్నిక్ జనం దిగుతారు, సెల్ఫీల గోల మధ్య కూర్చోవడం కష్టం. మేం మంగళవారం వెళ్లడం మంచిదైంది.

రెండు రాత్రులు ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. గది మామూలుదే, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, రాత్రి చలికి అడగకుండానే ఇంకో రగ్గు తెచ్చిచ్చారు. భోజనానికి మోమోలు, తుక్పా (నూడుల్స్ సూప్) దొరుకుతాయి. వదిన అన్నం లేనిదే ఉండలేదు కాబట్టి పక్కనే ఒడియా హోటల్లో అన్నం, దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) తిన్నాం. అక్కడివాళ్లు మాతో ఒడియాలోనే మాట్లాడారు, భాష ఇబ్బంది రాలేదు.

రెండో రోజు పొద్దున్నే విహారం హాల్లో ఓ మూల కూర్చున్నాను. పదేళ్లు కూడా ఉండవు, ఒక చిన్న సన్యాసి పీఠం ముందు ఏడు ఇత్తడి గిన్నెలు వరసగా పెట్టి నీళ్లు పోస్తున్నాడు. గిన్నెకీ గిన్నెకీ మధ్య గింజంత సందు ఉండాలట, పిల్లాడు వేలితో జరిపి జరిపి సరిచేస్తున్నాడు. నాలుగో గిన్నె పొంగి నీళ్లు బల్ల మీదికి కారాయి. పెద్దాయన అక్కడే ఉన్నారు, ఏమీ అనలేదు. పిల్లాడు కూడా కంగారుపడలేదు, గుడ్డతో తుడిచి, ఆ గిన్నెలో కొంచెం తీసేసి, ఐదో గిన్నెకి వెళ్లిపోయాడు. నాకు ఎందుకో అక్కడే ఏడుపొచ్చేసింది, 14 నెలల్లో అంత ఏడుపు ఏడవలేదు నేను.

బౌద్ధంలో మైత్రీ భావన అని ధ్యానం ఉంది. నేను సుఖంగా ఉండాలి అని ముందు తనకు తాను కోరుకుని, తర్వాత అయినవాళ్లకు, ముఖపరిచయం ఉన్నవాళ్లకు, చివరికి గిట్టనివాళ్లకు కూడా అదే కోరుకోవాలి. నేను ఇంట్లో ప్రయత్నించినప్పుడల్లా ఆ మొదటి మాట నోటికి రాక, దాన్ని దాటేసి అమ్మ దగ్గర మొదలుపెట్టేదాన్ని. ఆ సాయంత్రం వదినతో అన్నాను, నేనే చంపేశాను వదినా అని. వదిన నా చెయ్యి పట్టుకుని "మా అమ్మకి నేను అలా మాత్ర వేసుంటే నన్ను ఇలాగే అంటావా నువ్వు?" అంది. అనను కదా. పక్కన కూర్చుని, నీకేం తెలుసు వదినా, నొప్పి తగ్గాలనే కదా వేశావు అంటాను. అదే మాట నాకు నేను చెప్పుకున్నాను, పైకి, పేరు పెట్టి పిలుచుకుని మరీ. రాత్రి పదింటికి పడుకుంటే ఆరింటికి మెలకువ వచ్చింది.

అక్కడి నుంచి తప్తపాణి. బరంపురం నుంచి నేరుగా వచ్చేవాళ్లకు 50 కిలోమీటర్లు. అడవి మధ్య గంధకం వాసనతో వేడినీటి ఊట, పక్కన కంధి అమ్మవారు. వేడినీళ్లలో కాళ్లు పెట్టాక వదిన మోకాళ్లకు హాయిగా అనిపించింది. ఒక పూట చాలు, అంతకంటే చూసేదేం లేదు.

బరంపురంలో దిగిన లాడ్జి మాత్రం నచ్చలేదు. ఫోన్‌లో ఒక రేటు చెప్పి వెళ్లాక ఇంకో 300 అడిగారు, గీజర్ పని చేయలేదు, రాత్రంతా కారిడార్లో గోల. గది చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. పొద్దున వీధి బండి దగ్గర ఇడ్లీ, ఘుగుని (బఠాణీ కూర) తిన్నాక కొంచెం మనసు కుదుటపడింది. ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవే లేదు.

చివరి రోజు తారాతారిణి అమ్మవార్ల కొండ, బరంపురం నుంచి సుమారు 30 కిలోమీటర్లు. మెట్లు 999, రోప్‌వే కూడా ఉంది, మేం రోప్‌వేలోనే వెళ్లాం, కింద రుషికుల్యా నది మొత్తం కనిపిస్తుంది. సతీదేవి స్తనాలు పడిన చోటని నమ్మకం, అందుకే బిడ్డలకు పుట్టువెంట్రుకలు ఇక్కడ తీయిస్తారు. రాతి రూపాలకు బంగారు కళ్లు, ముక్కుపుడకలు పెట్టి ఇద్దరమ్మలు పక్కపక్కన ఉంటారు. నేను ఏమీ కోరుకోలేదు. అమ్మా, నాకు తెలియలేదమ్మా అన్నాను, అంతే. మామూలుగా గుళ్లో క్షమించమని అడిగేదాన్ని, ఈసారి ఆ మాటే రాలేదు. చైత్ర మంగళవారాల్లో జాతర, విపరీతమైన రద్దీ, పెద్దవాళ్లతో అయితే ఆ రోజులు వద్దు.

నాలాగే నెలల తరబడి నిద్ర లేనివాళ్లు ఎవరైనా ఉంటే యాత్ర కోసం ఆగకండి. డాక్టర్‌కు చూపించుకోండి. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. నేను వచ్చాక చేశాను, ముందే చేసుండాల్సింది. అప్పటికి నంబరు తెలియదు.

వారం తర్వాత ఒక రాత్రి మళ్లీ రెండింటికి మెలకువ వచ్చింది. లేచి మంచినీళ్లు తాగి, నొప్పి తగ్గాలనే కదా వేశావు అని చెప్పుకుని, అమ్మ దుప్పటే కప్పుకుని పడుకున్నాను.