ఇంటి సీసీ కెమెరాలకు స్టాటిక్ ఐపీ: చాలాకాలం వాడాక నా మాట

ఇంట్లో ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియోని నెట్‌వర్క్ ద్వారా తీసుకుని రికార్డ్ చేసే పెట్టె) పెట్టుకున్నవాళ్లు కెమెరాలకు ఐపీ అడ్రస్‌లు, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు, మారకుండా ఫిక్స్ చేసుకోవాల్సిందే. ఫోన్ యాప్‌లో మాత్రమే చూసుకునేవాళ్లకి ఆ అవసరం అంతగా తెలియదు. యాప్ కెమెరాని దాని సీరియల్ నంబరుతో పట్టుకుంటుంది కాబట్టి లోపల ఐపీ మారినా దానికి పట్టింపు లేదు. ఎన్‌వీఆర్‌లో మాత్రం మూడో ఛానల్ అంటే 192.168.1.23 అని రాసి ఉంటుంది. ఆ నంబరులో కెమెరా దొరక్కపోతే రికార్డింగ్ అక్కడితో ఆగిపోతుంది.

మా ఇల్లు హనుమకొండలో. ఎండాకాలం గాలివానకి కరెంటు పోయి వస్తే చాలు, ఏదో ఒక ఛానల్ నల్లగా అయిపోయేది. ఫోన్‌లో చూస్తే అదే కెమెరా చక్కగా కనిపించేది. కెమెరాలు బిగించినతను కేబుల్ మార్చాడు, అడాప్టర్ మార్చాడు, లాభం లేకపోయింది. రౌటర్ పేజీ తెరిచి చూస్తే విషయం బయటపడింది. రౌటర్ డీహెచ్‌సీపీ (పరికరాలకి తనే నంబర్లు పంచే పద్ధతి) ద్వారా నంబర్లని కొంత గడువుకి, అద్దెకిచ్చినట్టు ఇస్తుంది. కరెంటు పోయినప్పుడు చాలా రౌటర్లు ఏ నంబరు ఎవరికిచ్చాయో మర్చిపోతాయి. ఫోన్లకి బ్యాటరీ ఉంటుంది కాబట్టి కరెంటు రాగానే అవే ముందు కనెక్ట్ అవుతాయి. గేటు కెమెరా బూట్ అయ్యేసరికి దాని నంబరు నాన్న ఫోన్‌కి పోయింది! అమ్మానాన్న ఇద్దరే ఉండే ఇల్లు. గేటు దగ్గర రికార్డింగ్ లేదంటే నాకు ఎంత టెన్షన్‌గా ఉంటుందో చెప్పక్కర్లేదు.

దీనికి రెండు దారులున్నాయి, నేను రెండూ వాడుతున్నాను. వైర్ కెమెరాలకి నంబరు కెమెరా సెట్టింగుల్లోనే పెట్టాను, దీన్నే స్టాటిక్ ఐపీ అంటారు. వైఫై కెమెరాకి రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ చేశాను, అంటే దాని మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు నంబరు) రాసి ‘ఈ నంబరు దీనికే’ అని చెప్పడం. చాలామంది రిజర్వేషన్ ఒక్కటే చాలంటారు. పని సులువే, కాదనను. కానీ వైర్ కెమెరాల విషయంలో నా ఓటు స్టాటిక్‌కే. రౌటర్ పూర్తిగా పాడైనా ఎన్‌వీఆర్, కెమెరాలు పీఓఈ స్విచ్ (ఒకే కేబుల్‌లో నెట్‌వర్క్, కరెంటు రెండూ ఇచ్చే పెట్టె) మీదుగా మాట్లాడుకుంటూనే ఉంటాయి. స్విచ్‌కీ ఎన్‌వీఆర్‌కీ ఇన్వర్టర్ లైన్ ఇస్తే కరెంటు పోయినా రికార్డింగ్ ఆగదు.

నంబర్లు ఎంచుకునేటప్పుడు డీహెచ్‌సీపీ రేంజ్ బయట ఎంచుకోవాలి. నేను రేంజ్‌ని (నంబరులో చివరి భాగం) 100 నుంచి 199 దాకా పెట్టి, ఎన్‌వీఆర్‌కి 20, కెమెరాలకి 21 నుంచి ఇచ్చాను. రేంజ్ లోపలి నంబరు కెమెరాలో పెడితే, ఇంటికొచ్చిన చుట్టాల ఫోన్‌కి రౌటర్ ఎప్పుడో ఒకప్పుడు అదే నంబరు ఇచ్చే ప్రమాదం ఉంది. సబ్‌నెట్ మాస్క్ (ఏ నంబర్లు మన ఇంటి నెట్‌వర్క్‌వో చెప్పేది) 255.255.255.0. గేట్‌వే (రౌటర్ నంబరు), డీఎన్ఎస్ (ఇంటర్నెట్ పేర్లని నంబర్లుగా మార్చేది) ఖాళీగా వదిలేస్తే వీడియో వస్తుంది గానీ, ఇంటర్నెట్ నుంచి టైమ్ తీసుకునే కెమెరా ఆ టైమ్ తీసుకోలేకపోతుంది. అలాంటి కెమెరా ఒకటి కరెంటు వచ్చాక 1970 తేదీ వేసుకుని రికార్డ్ చేసింది. ఆ తేదీతో ఉన్న వీడియోని పోలీసులకి ఎలా చూపిస్తాం?

కొత్త కెమెరాలని ఒక్కొక్కటిగా కలపాలి. డాహువా కెమెరాలు చాలావరకు 192.168.1.108తో, హిక్‌విజన్‌వి 192.168.1.64తో వస్తాయి. ఒకే రకంవి రెండు ఒకేసారి పెడితే అవి ఆ ఒక్క నంబరు కోసమే కొట్టుకుంటాయి. ఎన్‌వీఆర్ వెనకున్న పీఓఈ పోర్టులకే నేరుగా తగిలించేవాళ్లకి ఈ బాధ లేదు, నంబర్లు అదే చూసుకుంటుంది.

వైఫై రిజర్వేషన్‌లో ఒక తిరకాసుంది. కెమెరాకి లాన్ పోర్టు (వైరు తగిలించేది), వైఫై రెండూ ఉంటే రెండింటికీ మ్యాక్ అడ్రస్‌లు వేరు. డబ్బా మీద స్టిక్కర్ చూసి రాసేయకుండా, వైఫైలో కనెక్ట్ అయ్యాక రౌటర్ లిస్టులో కనిపించేదే తీసుకోవాలి. మధ్యలో రిపీటర్ (వైఫై సిగ్నల్‌ని దూరం అందించే పెట్టె) ఉంటే కొన్నిసార్లు ఆ మ్యాక్ కూడా మారి కనిపిస్తుంది.

నంబరు ఫిక్స్ అయింది కదా, ఇక పోర్ట్ ఫార్వర్డింగ్ చేసేద్దాం, అంటే బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా కెమెరాకి రౌటర్‌లో దారి తెరిచేద్దాం అనేవాళ్ల మాట వినకండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ డీఫాల్ట్ పాస్‌వర్డులు మార్చని కెమెరాలనీ డీవీఆర్‌లనీ (పాత రకం రికార్డర్లు) ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుని, వాటితోనే పెద్ద పెద్ద దాడులు చేయించింది. బయటి నుంచి చూడాలంటే యాప్ ఉంది, కాస్త తెలిసినవాళ్లకి వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి భద్రమైన దారి) ఉంది. పరికరాలు తమంతట తామే అలాంటి దారులు తెరుచుకునేలా చేసే యూపీఎన్‌పీని కూడా రౌటర్‌లో ఆపేయండి.

స్టాటిక్‌తో నాకు ఇబ్బంది వచ్చింది ఒక్క చోటే. ఇంటర్నెట్ వాళ్లు రౌటర్ మార్చారు, కొత్తది 192.168.0.1 మీద వచ్చింది. ఎన్‌వీఆర్‌లో వైర్ కెమెరాల రికార్డింగ్ నడుస్తూనే ఉన్నా, వాటిలో గేట్‌వేగా పాత రౌటర్ నంబరే ఉండటంతో ఫోన్ నుంచి అవన్నీ మాయం. ప్రతి కెమెరా దగ్గరికీ వెళ్లక్కర్లేదు: కొత్త రౌటర్ లాన్ అడ్రస్‌నే పాత 192.168.1.1కి మార్చి, డీహెచ్‌సీపీ రేంజ్ కూడా పాతదే పెట్టి సేవ్ కొడితే అన్నీ తిరిగొచ్చాయి. వైఫై కెమెరా రిజర్వేషన్ మాత్రం మళ్లీ రాయాల్సి వచ్చింది. అందుకే ఏ కెమెరా ఎక్కడుంది, దాని నంబరెంత, మ్యాక్ ఏంటి అన్నది కాగితం మీద రాసి ఎన్‌వీఆర్ పెట్టిన అల్మారా తలుపు లోపల అంటించాను. ఇప్పుడు ఏదైనా ఛానల్ పోతే నాన్నే ఆ కాగితం చూసి నాకు ఫోన్‌లో నంబరు చదివి చెబుతున్నారు.