గ్రోత్ హార్మోన్: కొరత నయమా, అతి నయమా?

పిల్లవాడు తోటివాళ్ల భుజం దాకా రాకపోతే ఇంటిల్లిపాదికీ దిగులే. అదే వయసుకు మించి ఏపుగా ఎదిగితే ఎవరికీ అనుమానం రాదు, పైగా మురిసిపోతారు. ఎదుగుదలను నడిపించే గ్రోత్ హార్మోన్ విషయంలో మన లెక్క తప్పేది ఇక్కడే. కొరత, అతి, రెండింటిలో ఏది నయమని నన్నడిగితే కొరతే నయమంటాను. కొరత చిన్న జబ్బని కాదు. పిల్లల్లో అది కంటికి కనిపిస్తుంది, దానికి మందుంది. అతి మాత్రం పుష్టి వేషం వేసుకుని వస్తుంది.

మెదడు అడుగున బఠానీ గింజంత ఉండే పీయూష గ్రంథి ఈ హార్మోన్‌ను విడతలు విడతలుగా, ఎక్కువగా గాఢనిద్రలో వదులుతుంది. అది కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను తయారు చేయిస్తుంది. ఎముకలు సాగేది ఈ రెండింటి వల్లే.

నాలుగేళ్లు దాటిన పిల్లలు యుక్తవయసు వచ్చేదాకా ఏడాదికి సుమారు 5-6 సెంటీమీటర్లు పెరుగుతారు. తలుపు చట్రం మీద పెన్సిలుతో గీసే గీతలు ఏటేటా దగ్గరవుతుంటే పిల్లల వైద్యుడికి చూపించాలి. కొరత ఉన్న బిడ్డ అవయవాల పొందిక చెడదు. ముఖం మాత్రం వయసుకన్నా లేతగా, పొట్ట కాస్త బొద్దుగా ఉంటుంది. పొట్టిగా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఈ జబ్బే ఉండదని కూడా చెప్పాలి. కొందరిది తల్లిదండ్రుల పోలిక, కొందరు ఆలస్యంగా ఎదుగుతారు.

కొరత తేలితే సూదిమందు ఉంది. 1985 దాకా దీన్ని మృతదేహాల పీయూష గ్రంథుల నుంచి తీసేవారు. ఆ మందు వాడినవారిలో కొందరికి మెదడును తినేసే ప్రాణాంతక వ్యాధి సోకడంతో దాన్ని ఆపేశారు. ఇప్పుడు వాడేది ప్రయోగశాలలో తయారయ్యేదే. రోజూ రాత్రి చర్మం కింద వేసే సూదికి బదులు వారానికోసారి వేసేవీ వచ్చాయి. ఒక్కటే షరతు: ఎముకల చివర ఉండే ఎదుగుదల పలకలు మూసుకోకముందే మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఎంత మందు వేసినా ఎత్తు పెరగదు.

పెద్దవాళ్లలో కొరత ఇంత తేలిగ్గా దొరకదని ఒప్పుకోవాలి. పీయూష గ్రంథిలో కణితి వల్లో, దానికి చేసిన ఆపరేషన్ వల్లో, తలకు తగిలిన దెబ్బ వల్లో వచ్చే ఈ కొరతలో పొట్ట పెరుగుతుంది, కండ తగ్గుతుంది, ఎముక పలచబడుతుంది, నీరసం వదలదు. నడివయసు లక్షణాలు కూడా ఇవే కాబట్టి వయసు మీద నెట్టేస్తాం.

ఇక అతి. ఎదుగుదల పలకలు మూసుకోకముందే హార్మోన్ పొంగితే మనిషి ఆగకుండా పెరుగుతూనే ఉంటాడు. అమెరికాకు చెందిన రాబర్ట్ వాడ్లో 272 సెంటీమీటర్లు పెరిగాడు. చరిత్రలో నమోదైన అత్యధిక ఎత్తు అదే. నడవడానికి కాళ్లకు ఊతపట్టీలు కావలసి వచ్చాయి, పాదాల్లో స్పర్శ సన్నగిల్లింది. పట్టీ ఒరుసుకుని లేచిన పొక్కు చీము పట్టి 1940లో, 22 ఏళ్లకే చనిపోయాడు.

పలకలు మూసుకున్నాక పొంగితే ఎత్తు పెరగదు, మనిషి వెడల్పవుతాడు. ఈ జబ్బుకు 1886లో పియర్ మేరీ అనే ఫ్రెంచి వైద్యుడు అక్రోమెగలీ అని పేరు పెట్టాడు. మొదట తెలిసేది వేలి ఉంగరానికి: సబ్బు రాసినా ఊడిరాదు. చెప్పుల సైజు మారుతుంది. దవడ ముందుకొస్తుంది, పళ్ల మధ్య సందులు పడతాయి, నాలుక మందమై గురక మొదలవుతుంది. రోజూ చూసే ఇంట్లోవాళ్లు ఇవేవీ గమనించరు, పదేళ్ల తర్వాత కలిసిన స్నేహితుడు గుర్తుపట్టలేక తడబడతాడు. అందుకే ఈ జబ్బుకు పాత ఫోటోల కన్నా మంచి సాక్ష్యం లేదు. రోగం తేలేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా రక్తపోటు, షుగరు వస్తాయి, గుండె కండరం మందమవుతుంది, కీళ్లు అరుగుతాయి. దాదాపు ఎప్పుడూ దీనికి కారణం పీయూష గ్రంథిలోని క్యాన్సర్ కాని కణితే. అది పెరిగి కంటి నరాలను నొక్కితే పక్కచూపు పోతుంది. ముక్కులోంచి వెళ్లి కణితిని తీసేస్తారు, మిగిలినదానికి సూదిమందులున్నాయి. వాచిన కండ తగ్గుతుంది, పెరిగిన ఎముక మాత్రం వెనక్కి రాదు.

పరీక్షల్లోనూ తేడా ఉంది. హార్మోన్ విడతలుగా వస్తుంది కనుక ఎప్పుడో ఒకసారి తీసిన రక్తంతో ఏదీ తేలదు. కొరత అనుమానమైతే గ్రంథిని మందుతో రెచ్చగొట్టి చూస్తారు. అతి అనుమానమైతే 75 గ్రాముల గ్లూకోజు తాగించి హార్మోన్ తగ్గుతుందా అని చూస్తారు.

నా పక్షానికి ఈక్వెడార్ నుంచి ఒక సాక్ష్యం ఉంది. అక్కడి లారాన్ సిండ్రోమ్ కుటుంబాల్లో హార్మోన్ ఉన్నా శరీరం దాని మాట వినదు, ఐజీఎఫ్-1 బాగా తక్కువ. వాళ్లు బాగా పొట్టి, చాలామంది లావు కూడా. అయినా వాళ్లలో షుగరు, క్యాన్సర్ బహు అరుదని పరిశోధకులు 2011లో ప్రకటించారు.

అతి చేసే చేటు తెలియక కొందరు ఏ కొరతా లేకుండానే కండల కోసమో, యవ్వనం కోసమో ఈ సూదిని కొనుక్కుని పొడిపించుకుంటారు. వాళ్లకూ ముందు చేతులు వాస్తాయి, కీళ్లు నొప్పిపుడతాయి, తర్వాత రక్తంలో చక్కెర పెరుగుతుంది.