20 శాతం సమయమా, హ్యాకథానా, మేనేజర్లు లేని ఆఫీసా: ఏది మేలు?

ఉద్యోగం మారాలనుకునే కుర్రాళ్లు, హైదరాబాద్‌లో కొత్తగా ప్రోడక్ట్ కంపెనీ పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఇదే ప్రశ్న అడుగుతున్నారు. కొత్త ఐడియాలు రావాలంటే వారంలో కొంత టైమ్ ఉద్యోగులకే వదిలేయాలా, ఏడాదికి రెండుమూడు హ్యాకథాన్‌లు (ఒకటి రెండు రోజులు మామూలు పని పక్కన పెట్టి కొత్తది కట్టి చూపించే పోటీలు) పెడితే సరిపోతుందా, లేక పైన మేనేజర్లే లేకుండా చేయాలా? నా ఓటు మొదటిదానికే, కానీ ఒక షరతు మీద.

హ్యాకథాన్ సంగతి త్వరగా తేలిపోతుంది. అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో 24 గంటల్లో ఏదో ఒకటి చేసి చూపించే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. తన టైమ్‌లైన్, చాట్ ఫీచర్లు హ్యాకథాన్‌ల నుంచే వచ్చాయని ఫేస్‌బుక్ 2012లో ఇన్వెస్టర్లకు రాసిన లేఖలో చెప్పుకుంది. ఎలా కట్టాలో ముందే తెలిసి, తీరిక లేక ఆగిపోయిన పనులకు ఇది బాగా పనికొస్తుంది. అసలు ఏం చేస్తున్నామో మనకే ఇంకా అంతుపట్టని పనికి ఒక్క రాత్రి ఏం సరిపోతుంది?

అలాంటి పనికి ఎంత కాలం పడుతుందో, అంటించి తీసేసే పోస్ట్-ఇట్ చీటీలు తయారుచేసిన అమెరికా కంపెనీ 3ఎమ్ కథలో కనిపిస్తుంది. ఆ కంపెనీలో 15 శాతం సమయం సొంత ప్రయోగాలకు వాడుకునే వీలు 1948 నుంచీ ఉంది. 1968లో అక్కడి శాస్త్రవేత్త స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం వెతుకుతుంటే, అంటుకుని సులువుగా ఊడొచ్చే జిగురు వచ్చింది. దాన్ని దేనికి వాడాలో ఎవరికీ తెలియలేదు, ఆయన మాత్రం ఏళ్ల తరబడి తోటివాళ్లకు చెబుతూనే ఉన్నాడు. 1974లో అదే కంపెనీలో పనిచేసే ఆర్ట్ ఫ్రై, చర్చిలో పాటల పుస్తకంలోంచి జారిపోయే గుర్తు చీటీలతో విసిగిపోయి, ఆ జిగురును గుర్తు చేసుకున్నాడు. ఆ జిగురు పూసిన చీటీలను 1977లో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే సరిగా పోలేదు. అక్కడితో ఆపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు, కానీ మరుసటి ఏడాది బోయిసీ నగరంలో ఉచితంగా పంచితే జనం మళ్లీ కావాలన్నారు. పోస్ట్-ఇట్ నోట్లు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో, అంటే జిగురు పుట్టిన 12 ఏళ్లకు.

గూగుల్ 20 శాతం సమయం, అంటే పని వేళల్లో ఐదో వంతు సొంత ఐడియాలకు వాడుకునే వీలు, చాలామంది విన్నదే కాబట్టి ఎక్కువ చెప్పను. గూగుల్ న్యూస్, వెబ్‌సైట్లలో ప్రకటనలు చూపించే యాడ్‌సెన్స్ తొలి నమూనాలు అందులోంచే వచ్చాయని 2004లో వ్యవస్థాపకులే రాశారు. (జీమెయిల్‌ను కూడా ఈ లెక్కలో వేస్తుంటారు, కానీ అది అక్కడి ఇంజనీర్ పాల్ బుక్‌హైట్‌కు కంపెనీ అప్పగించిన పనే.) అయితే అది నిజానికి 120 శాతం సమయమని, మామూలు పని అయ్యాకే చేసుకోవాల్సి వచ్చేదని అక్కడ పనిచేసిన మరిస్సా మేయర్ 2015లో చెప్పారు.

మేనేజర్లు లేని ఆఫీసంటే వీడియో గేమ్‌ల కంపెనీ వాల్వ్. చక్రాల బల్ల తోసుకుంటూ నచ్చిన ప్రాజెక్టుకు వెళ్లిపోవచ్చని వాళ్ల ఉద్యోగుల హ్యాండ్‌బుక్ (2012లో బయటికొచ్చింది) చెబుతుంది. వినడానికి బాగుంటుంది, కానీ పెద్ద పనికి కావలసినంత మందిని ఒకచోట నిలబెట్టేవాళ్లు ఉండరు. వాళ్ల పేరున్న గేమ్ హాఫ్-లైఫ్ సిరీస్‌లో 2007 తర్వాత మళ్లీ ఆట రావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. చిన్న కంపెనీకి నేనైతే దీన్ని సిఫార్సు చేయను.

ఇక నా షరతు: ప్రయోగం ఫలించాక దాన్ని అందుకుని మార్కెట్ దాకా తీసుకెళ్లేవాళ్లు ఎవరో ముందే తెలియాలి. కాపీ మెషీన్ల కంపెనీ జిరాక్స్ 1970లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పార్క్ (PARC) అనే పరిశోధనశాల పెట్టింది. అక్కడి పరిశోధకులు బీన్ బ్యాగుల్లో కూర్చుని ఒకరి పనిని ఒకరు మొహమాటం లేకుండా విమర్శించుకునేవాళ్లు. అంత స్వేచ్ఛ ఉన్న చోట 1973కల్లా మౌస్, గ్రాఫిక్ తెర ఉన్న ఆల్టో కంప్యూటర్ తయారైంది. కానీ జిరాక్స్ స్టార్ పేరుతో ఆ ఆలోచనలను అమ్మకానికి తెచ్చింది 1981లో, అదీ 16 వేల డాలర్ల ధరకు. మూడేళ్లకు ఆపిల్ మెకింటోష్ 2,495 డాలర్లకే వచ్చింది. అదే పార్క్‌లో పుట్టిన లేజర్ ప్రింటర్ మాత్రం 1977లోనే మార్కెట్‌కు వెళ్లి జిరాక్స్‌కు బోలెడు డబ్బు తెచ్చింది, ఎందుకంటే కాగితం మీద అచ్చు వేసే వ్యాపారం వాళ్లకు బాగా తెలుసు. పరిశోధనశాల ఒకటే, స్వేచ్ఛ ఒకటే. తేడా అంతా అవతల అందుకున్న చేతుల్లో ఉంది.

మన సర్వీసెస్ కంపెనీల్లో ఇది మరీ కష్టం. గంట గంటకూ క్లయింట్‌కు బిల్లు వేయాలి, టైమ్‌షీట్‌లో ఖాళీ కనిపిస్తే బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, కూర్చోబెడతారేమోనని టెన్షన్. అందుకే చిన్న కంపెనీ పెట్టుకున్నవాళ్లకు చెప్పేది, 20 కాదు, 10 శాతమే ఇవ్వండి, కానీ దానికి టైమ్‌షీట్‌లో విడిగా కోడ్ పెట్టండి, ఫెయిలైనా అప్రైజల్‌లో మార్కులు కోయకండి, వచ్చినదాన్ని చూసి డబ్బు పెట్టే అధికారం ఒకరి చేతిలో ఉంచండి. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఇంటర్వ్యూలో హ్యాకథాన్‌లు జరుగుతాయా అని అడగొద్దు, పోయిన ఏడాది అలా పుట్టినవాటిలో కస్టమర్ల దాకా వెళ్లింది ఏది, దానికి డబ్బు ఇచ్చిందెవరు అని అడగండి.