రోల్డ్ డాల్ పుస్తకాలు: రెండు ఎడిషన్లలో ఏది కొనాలి?

పిల్లలకి ఇంగ్లిష్ కథల రచయిత రోల్డ్ డాల్ పుస్తకాలు కొందామని వెతికితే ఇప్పుడు ఒకే కథ రెండు రకాలుగా దొరుకుతోంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. ఒకటి పఫిన్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు, ఎవరినైనా నొప్పిస్తాయనుకున్న మాటలు అక్కడక్కడా మార్చి వేసింది. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ పత్రికలు ఆ మార్పుల చిట్టా బయటపెట్టడంతో పెద్ద గొడవైంది, సల్మాన్ రష్దీ అయితే ఇది సెన్సార్‌షిప్పే అన్నాడు. వారం రోజులకే, పాతవి ఉన్నవి ఉన్నట్టే ఉంచి 17 పుస్తకాలతో క్లాసిక్ కలెక్షన్ కూడా తెస్తామని ప్రకటన వచ్చింది. అదే రెండోది.

మార్చినదాంట్లో, ‘చార్లీ అండ్ ద చాక్లెట్ ఫ్యాక్టరీ’లో అగస్టస్ గ్లూప్ అనే పిల్లాడు ఇప్పుడు ‘ఫ్యాట్’ కాదు, ‘ఎనార్మస్’. పిల్లాడి లావేమీ తగ్గలేదు, చదివేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు, ఇలాంటివి నేను పట్టించుకోను. ‘ద విచెస్’ దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. మంత్రగత్తెలకి బట్టతల, అందుకే విగ్గులు పెట్టుకుంటారు అని కథ చక్కగా భయపెట్టుకుంటూ పోతుంటే, ఆడవాళ్ళు విగ్గు పెట్టుకోవడానికి ఇంకా చాలా కారణాలుంటాయి, అందులో తప్పేం లేదు అని ఒక వాక్యం కొత్తగా చేర్చారు. మాట నిజమే, కాదనను. కానీ నాయనమ్మ దెయ్యం కథ చెబుతుంటే పక్కింటాయన వచ్చి మధ్యలో జాగ్రత్తలు చెప్పినట్టుంది, అక్కడితో భయం దిగిపోయింది. ‘మటిల్డా’లో ఇంకా విడ్డూరం. ఆ అమ్మాయి పుస్తకాలు చదువుతూ కిప్లింగ్‌తో ఇండియాకి వెళ్ళేది, ఇప్పుడు స్టైన్‌బెక్‌తో కాలిఫోర్నియాకి వెళ్తోంది. కిప్లింగ్ మనల్ని ఎలా చూశాడో మనకి తెలుసు, అయినా ఆ పిల్ల ఏం చదివిందో మార్చడం ఏంటి? హెమింగ్వేతో ఆఫ్రికా ప్రయాణం మాత్రం అలాగే ఉంచారు, ఏ లెక్కనో.

అలాగని పాతదాంట్లో ఏదీ మార్చకూడదని నేను అనను. 1964లో వచ్చిన చార్లీ కథలో ఫ్యాక్టరీలో పనిచేసే ఊంపా లూంపాలు ఆఫ్రికా నుంచి తెచ్చిన పిగ్మీలు, దాని మీద విమర్శలొచ్చాక 1973లో డాల్ తనే మార్చి రాశాడు. అది రచయిత బతికుండగా, తన పుస్తకం మీద తను తీసుకున్న నిర్ణయం. ఇప్పటి మార్పులు ఆయన 1990లో పోయాక ఎన్నో ఏళ్ళకి వేరేవాళ్ళు చేసినవి. పైగా కాపీరైట్ పేజీలో భాషని ఎప్పటికప్పుడు సమీక్షిస్తుంటాం అని చిన్నక్షరాల్లో ఒక మాట ఉంటుందే తప్ప, ఏ లైను మార్చారో లోపల ఎక్కడా ఉండదు. నా అసలు కంప్లయింట్ ఇదే. మార్చండి, కానీ చివర ఒక పేజీలో అవన్నీ చూపించండి, కొనేవాళ్ళు చూసుకుంటారు.

ఈ పుస్తకాలకి క్వెంటిన్ బ్లేక్ వేసిన బొమ్మలు మాత్రం ఎప్పట్లాగే భలే ఉంటాయి.

నా ఓటు క్లాసిక్‌కే. పక్కన కూర్చుని చదివించేవాళ్ళయితే అస్సలు ఆలోచించక్కర్లేదు, ఇబ్బందిగా ఉన్న మాట దగ్గర ఆగి పిల్లలతో మాట్లాడొచ్చు. ఆర్డర్ చేసేటప్పుడు అట్ట మీద గుర్తు చూడండి, క్లాసిక్ వాటి మీద పఫిన్ పిట్ట కాకుండా పెంగ్విన్ ఉంటుంది. ఈ-బుక్ కొనేవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త, ఎప్పుడో కొనుక్కున్న కాపీలు కూడా వాటంతటవే కొత్త వెర్షన్‌కి మారిపోయాయని అప్పట్లో వార్తలొచ్చాయి, కాబట్టి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసుకోండి.