పార్శ్వనొప్పికి శొంఠి గంధం: ఆరేళ్లు వాడిన తర్వాత

సూదిలో దారం ఎక్కించబోతే బెజ్జం కనబడలేదు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. బెజ్జం ఉండవలసిన చోట వంకరటింకర మెరుపు గీత ఒకటి వణుకుతోంది. 2019 ఎండాకాలం, నల్లగొండ రామగిరిలో నా కుట్టు దుకాణం. ఇరవై నిమిషాలకు ఆ గీత పోయింది, కుడి కణతలో పోటు మొదలైంది. సాయంత్రానికి రెండుసార్లు వాంతి. అత్తమ్మ నన్ను చూసి, "ఇది ఒంటికణత నొప్పి బిడ్డా, మా అమ్మకూ ఉండేది" అంటూ శొంఠికొమ్ము, సానరాయి ముందు పెట్టుకుని కూర్చుంది.

ఆ సానరాయి ఇప్పుడు నా దుకాణంలోనే ఉంది. రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, కొమ్మును నిలువుగా పట్టుకుని గుండ్రంగా అరగదీస్తే కాసేపటికి లేత గోధుమరంగు గంధం వస్తుంది. నుదుటికి, కణతలకు పలచగా పట్టు వేసి వెల్లకిలా పడుకోవాలి, లేకపోతే చెమటతో కలిసి కంట్లోకి కారుతుంది. ముందు చురచురమంటుంది, తర్వాత వెచ్చగా ఉంటుంది. పది నిమిషాల్లో తడిగుడ్డతో తుడిచేస్తాను. మొదట్లో తెలియక రాత్రంతా ఉంచుకుంటే నుదురు కందిపోయి పొట్టు లేచింది.

పని చేస్తుందా? మెరుపు గీత కనబడగానే వేసుకుంటే చాలాసార్లు పోటు ముదరకుండా ఆగింది. పోటు పట్టిన అరగంటకు వేసుకుంటే మంట తప్ప నాకు ఏమీ మిగలలేదు. నొప్పి పట్టినప్పుడు కడుపు కదలిక మందగిస్తుందని, అందుకే ఆలస్యంగా మింగిన బిళ్ల కూడా ఒంటికి సరిగా పట్టదని డాక్టరు చెప్పారు. వికారానికి మాత్రం పచ్చి అల్లం దంచి మరిగించిన నీళ్లు నన్ను బాగా ఆదుకున్నాయి. ఒక్కసారిగా తాగితే వాంతి అవుతుంది, గుక్కగుక్కగా తాగాలి.

శొంఠి కంటే ఎక్కువ మేలు చేసింది చల్లటి గుడ్డ. మంచుముక్కలను రెండు మడతల నూలు గుడ్డలో చుట్టి, మెడ వెనుక ఒకటి, నుదుటి మీద ఒకటి, పదిహేను నిమిషాలు. కిటికీకి దుప్పటి కట్టి, ఫోను పక్కగదిలో పెట్టి, చీకట్లో పడుకోవాలి. నిద్ర పట్టిందా, లేచేసరికి సగం నొప్పి పోయినట్టే.

అసలు మార్పు తెచ్చింది మాత్రం కొలతలు రాసుకునే పాత పుస్తకం. నొప్పి వచ్చిన రోజు, ముందురోజు ఏం తిన్నాను, ఎంతసేపు నిద్రపోయాను అని అందులో రాయడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు తిరిగేసరికి దాదాపు సగం శనివారాలే! ఒక్కపొద్దు ఉన్న రోజు మధ్యాహ్నానికి కణత లేస్తోంది. దేవుడికి దండం పెట్టుకుని, పొద్దున్నే రెండు పండ్లు, గ్లాసు మజ్జిగ తీసుకోవడం మొదలుపెట్టాను. శనివారపు నొప్పులు చాలా తగ్గాయి. బతుకమ్మ ముందు పదిహేను రోజులు రాత్రి ఒంటిగంట వరకు కుట్టి, పండుగ అయ్యాక పొద్దెక్కేదాకా పడుకునేదాన్ని. ఆ పడుకున్న రోజే నొప్పి వచ్చేది. నిద్ర తక్కువైనా ఎక్కువైనా దీనికి పడదు. మినుకుమినుకుమనే ట్యూబులైటు మార్చాను. ఏప్రిల్, మే ఎండలో గొడుగు లేకుండా గడియారం సెంటరు దాకా కూడా వెళ్లను. బత్తాయి తింటే వస్తుందని కొందరు భయపెట్టారు. బత్తాయి తోటల జిల్లాలో పుట్టి అది మానడమెలా? తిని చూశాను, పుస్తకంలో ఒక్కసారి కూడా దాని పేరు తేలలేదు. అందుకే ఎవరి పుస్తకం వారు రాసుకోవాలని నా అభిప్రాయం.

ఒక తప్పు మాత్రం మీరెవరూ చేయకండి. మధ్యలో ఒక ఏడాది పని ఆగకూడదని వారంలో నాలుగైదు రోజులు నొప్పి బిళ్లలు మింగాను. చివరికి నొప్పి లేని రోజే లేకుండా పోయింది. నెలలో పదిహేను రోజులు, అంతకు మించి మామూలు నొప్పి బిళ్లలు నెలల తరబడి వాడితే ఆ బిళ్లలే తలనొప్పి తెస్తాయని నరాల డాక్టరు చెప్పి మాన్పించారు. మొదటి పది రోజులు నరకం చూశాను, తర్వాత తేలికపడింది. అంతకుముందు ఎవరో చెబితే ఒక పల్లెకు వెళ్లి ముక్కులో ఆకుపసరు కూడా వేయించుకున్నాను. రెండు రోజులు ముక్కు, గొంతు మండిపోయాయి, నొప్పి ఎక్కడికీ పోలేదు. ఆ పసరు జోలికి వెళ్లవద్దని చేతులెత్తి మొక్కుతున్నాను.

ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత తీవ్రంగా నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా సానరాయి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. యాభై దాటాక మొదటిసారి ఇలాంటి నొప్పి వచ్చినా ముందు డాక్టరుకే చూపించాలి.

ఒకప్పుడు నెలకు ఎనిమిది, తొమ్మిది సార్లు వచ్చేది, ఇప్పుడు రెండు సార్లు. పూర్తిగా పోలేదు. శొంఠి కొనేటప్పుడు సున్నం పట్టించి తెల్లగా చేసిన కొమ్ములు అంటగడతారు. అవి వద్దని చెప్పి, ముడతలు పడి మట్టిరంగులో ఉండి, విరిస్తే లోపల పీచు కనబడేవి ఏరుకోండి. నాలుగు కొమ్ములు తెచ్చుకుంటే నాకు ఏడాది వస్తున్నాయి.