తిండి కోసమే మాంట్రియాల్: మూడు రాత్రుల కారు ప్రయాణం

అక్టోబర్ రెండో సోమవారం అమెరికాలో కొలంబస్ డే, కెనడాలో థ్యాంక్స్‌గివింగ్. రెండు వైపులా సెలవే కాబట్టి బోర్డర్ దగ్గర రద్దీ తప్పదు. అయినా మేం ఆ వారమే ఎంచుకున్నాం. న్యూయార్క్ సిటీ దాటాక ఐ-87 హైవే మీద అడిరొండాక్ కొండల్లో ఆకులు రంగు తిరిగే రోజులవి. పైగా మాంట్రియాల్ మార్కెట్లో పంట చేతికొచ్చే కాలం.

నేను, మావారు, పదకొండేళ్ల బాబు, మూడు నెలల క్రితం విజయవాడ నుంచి వచ్చిన మా అత్తయ్య. మేం ముగ్గురం చికెన్, చేపలు తింటాం. అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. ప్లానింగ్ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది. రెండోది వీసా. మాకు గ్రీన్ కార్డులున్నాయి కాబట్టి అవి, పాస్‌పోర్టులు ఉంటే చాలు. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్లకి మాత్రం కెనడా వీసా విడిగా తీసుకోవాలి. అత్తయ్య దిగిన వారానికే అప్లై చేశాం. ఇది ఆఖరి నెలకి వదిలేస్తే టెన్షన్ తప్పదు.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. దారిలో ఆగే టైం కాక ఆరున్నర గంటల డ్రైవ్. బోర్డర్‌కి ముందు వచ్చే ప్లాట్స్‌బర్గ్‌లోనే గ్యాస్ కొట్టించుకోండి, అవతల ధర ఎక్కువ. బోర్డర్ దగ్గర నలభై నిమిషాలు పట్టింది. తినే వస్తువులేమైనా ఉన్నాయా అని అడిగితే ఆవకాయ సీసాతో సహా అన్నీ చెప్పేశాం, పంపించేశారు. అక్కడి నుంచి బోర్డులన్నీ ఫ్రెంచ్‌లో, వేగం కిలోమీటర్లలో. డ్రైవ్ చేసేవాళ్లు ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: మాంట్రియాల్ ద్వీపం మీద రెడ్ లైట్ దగ్గర కుడివైపుకి తిరగకూడదు.

ఎక్కడ ఉండాలన్నదానికి ఎక్కువ ఆలోచించాం. రెండేళ్ల క్రితం డౌన్‌టౌన్‌లో ఒక హోటల్‌లో దిగాం. గది బాగానే ఉంది కానీ పార్కింగ్ చార్జీ సంగతి ఖాళీ చేసే రోజు బిల్లులో కనిపించింది. తెలిసిన వాళ్లు నది అవతల బ్రొసార్‌లో ఉండి రెమ్ అనే లోకల్ రైల్లో ఊళ్లోకి వచ్చి వెళ్లారు. ఖర్చు తక్కువే, కానీ రాత్రి భోజనం అయ్యాక పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకుని అంత దూరం వెళ్లడం కష్టం. అందుకే ఈసారి ప్లాటో పేటలో, మాంట్ రాయల్ మెట్రో దగ్గర వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. ఇలాంటివి బుక్ చేసేటప్పుడు రెండు చూసుకోండి. ప్రకటనలో క్యుబెక్ (మాంట్రియాల్ ఉన్న రాష్ట్రం) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండాలి, ఎందుకంటే ఆ పేటలో మేడ మీదికి మెట్లు ఇంటి బయట, ఇనుముతో, మెలికలు తిరిగి ఉంటాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎక్కలేరు.

కారుని డబ్బు కట్టే పార్కింగ్‌లో పెట్టి మూడు రోజులు ముట్టుకోలేదు. వీధి బోర్డుల మీద ఏ గంటలో ఎవరు ఆపొచ్చో ఫ్రెంచ్‌లో ఒకదాని కింద ఒకటి రాసి ఉంటుంది. అది చదువుతూ కూర్చునే కంటే శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం తెల్లవారే దాకా పనిచేసే మెట్రో వీకెండ్ పాస్ ఎంతో హాయి.

మొదటి రాత్రి లా బాంకీజ్ అనే రెస్టారెంట్. పూటీన్ రకాలే ముప్ఫైకి పైగా ఉన్నాయి. పూటీన్ అంటే వేడి ఫ్రైస్ మీద తాజా చీజ్ ముక్కలు వేసి పైన గ్రేవీ పోస్తారు. చీజ్ పళ్ల కింద కీచుమనాలి, అప్పుడే అది తాజాది. గ్రేవీ మామూలుగా మాంసం ఉడికించిన నీళ్లతో చేస్తారు, మాంసం లేనిది కావాలని ముందే అడగాలి. బాబు గిన్నె ఖాళీ చేశాడు. నాకు నాలుగు ముద్దలకే బరువనిపించింది.

శనివారం ఉదయం ఆరున్నరకి సెయింట్ వియాటర్ బేగెల్ షాపుకి నడిచి వెళ్లాం. బేగెల్ అంటే మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె. ఆ షాపు 1957 నుంచి నడుస్తోంది. కట్టెల పొయ్యి ముందు ఒకాయన పిండిని తాడులా పేని, చేతి చుట్టూ తిప్పి, అరచేతి కింద బల్లకేసి దొర్లించి అతికిస్తున్నాడు. ఒక్కోదానికి రెండు మూడు సెకన్లు. వాటిని తేనె నీళ్లలో ఉడికించి, నువ్వులద్ది, మనిషంత పొడవున్న సన్నటి చెక్క మీద వరసగా పేర్చి పొయ్యిలోకి తోస్తారు. ఈ ఊరి బేగెల్ పిండిలో గుడ్డు కలపడం పాత పద్ధతి కాబట్టి అత్తయ్య తినలేదు. కానీ అక్కడి నుంచి కదలలేదు. "గారెకి చిల్లు పెట్టడం చూశాను గానీ, చిల్లు చుట్టూ పిండి చుట్టడం ఇదే చూడ్డం అమ్మాయ్" అన్నారు. వేయించిన నువ్వుల వాసన, చేతిలో కాలుతున్న కాగితం సంచి, బయట చలి. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పూట అదే. నాలుగడుగులు వేస్తే ఫెయిర్‌మౌంట్ బేగెల్ కూడా ఉంది. అక్కడివి కాస్త తియ్యగా అనిపించాయి. నా ఓటు మొదటిదానికే.

అక్కడి నుంచి జాన్ టాలన్ మార్కెట్. 1933 నాటిది. ఆపిల్స్, గుమ్మడికాయలు, పది రంగుల మిరపకాయలు, ముక్కలు కోసి రుచి చూపించే రైతులు. అత్తయ్యకి కడుపు నిండింది ఇక్కడే. మేపుల్ సిరప్ కూడా ఇక్కడో, మామూలు కిరాణా షాపులోనో కొనండి, ఓల్డ్ మాంట్రియాల్‌లో టూరిస్టు ధర పడుతుంది. మేపుల్ చెట్టు నుంచి తీసిన 40 లీటర్ల రసం కాస్తే లీటరు సిరప్ వస్తుంది. చెంచాతో నాకి చూసి "తేనె కాదు, తాటిబెల్లం పాకం" అన్నారు అత్తయ్య. మర్నాడు పొద్దున ఫ్లాట్‌లో వేసిన అట్ల మీద తనే పోసుకున్నారు.

ష్వార్ట్జ్ అనే రెస్టారెంట్ ముందు పొడుగాటి క్యూ చూశాం. అక్కడి స్మోక్డ్ మీట్ అంటే గొడ్డు మాంసం, మేం తినం కాబట్టి ఆగలేదు. దానికి బదులు ప్లాటోలో పోర్చుగీస్ వాళ్లు బొగ్గుల మీద కాల్చే చికెన్ తిన్నాం. కారం మన నాలుకకి సరిపోయింది. శాకాహారులకి నిజమైన ప్రమాదం ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్. చూడ్డానికి ఉల్లిపాయ, బ్రెడ్, చీజే, కానీ అడుగున సాధారణంగా బీఫ్ ఉడికించిన నీళ్లుంటాయి. "సాన్ వియాండ్", అంటే మాంసం లేకుండా అని చెబితే చాలదు, సూప్ నీళ్లు దేనితో చేశారో కూడా అడగాలి. అలా అడిగితే ఎక్కడా ఎవరూ విసుక్కోలేదు. 'బోంజూర్, హాయ్' అని పలకరించి, మనం ఇంగ్లీష్‌లో మొదలుపెడితే వాళ్లూ ఇంగ్లీష్‌లోకే వచ్చేస్తారు. టిప్‌కి తేలిక లెక్క ఉంది. బిల్లులో పడే రెండు పన్నులూ కలిపితే 15 శాతానికి కాస్త తక్కువ, పన్ను ఎంత పడితే అంతే టిప్ ఇస్తే సరిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నం పార్క్ ఎక్స్‌టెన్షన్ అనే పేటలో దోశ. అద్భుతమేం కాదు, కానీ మూడో రోజుకి పెద్దవాళ్లకి అది కావాలి. సాయంత్రం మాంట్ రాయల్ కొండ మీదికెళ్లి ఊరంతా చూశాం.

సోమవారం పొద్దున్నే బయల్దేరాలి కాబట్టి కొనాల్సినవి ఆదివారమే కొనుక్కున్నాం. బేగెల్ షాపు అప్పటికే తెరిచి ఉంది. రెండు డజన్లు కట్టించుకుని ఎనిమిదింటికల్లా ఊరు దాటాం. మేపుల్ రసం కాచేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. చెట్ల మధ్య పాకలో భోజనం పెట్టి, మంచు మీద వేడి పాకం పోసి ఇస్తారట. బాబు అప్పుడే మార్చి ప్రయాణం అడుగుతున్నాడు. అత్తయ్య జనవరిలో వెళ్లిపోతారు, అందుకని రెండు సిరప్ డబ్బాలు ఇప్పుడే ఆవిడ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టాను.